గోడవతల ప్రసంగం

“సోదరులారా! బతికేదెవరట? తగినవాడట. తగినవాడెవరట? బతికినవాడట! గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చే ఈ మాటను సిద్ధాంతమంటారా?”

గదుల మధ్య చెక్క గోడ కంపించింది. ఇవతల లాయరమ్మ పెన్నును బల్ల మీద విసిరికొట్టింది.

“అమ్మా! ఆయన్ని గొంతు తగ్గించమను.”

నడవలో బట్టలు మడతపెడుతున్న తల్లి తలెత్తలేదు. “రేపు ఆదివారం. సాధన చేసుకోవద్దూ?”

“నాకు వైవా ఉంది!”

“ఆ మాట ఆయనతోనే చెప్పు.”

“నేను మాట్లాడనుగా!”

పేరుకు లాయరమ్మే గాని ఆమె చదివింది తత్వశాస్త్రం. మాటకు మాట అప్పజెప్పే గుణం వల్ల చిన్నప్పుడే ఇంట్లో ఆ పేరు పడింది. తండ్రినేమో ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ పేటంతా బోధకుడుగారనే పిలుస్తుంది. ప్రార్థనా మందిరంలో ఆయన గొంతెత్తితే వీధి చివరికి వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టి ఆమె పీహెచ్‌డీకి ఎంచుకున్నది పరిణామ సిద్ధాంతాన్ని. దాన్ని దేవుడి పేరుతో కొట్టిపారేసేవాళ్ళకీ, తర్కం పేరుతో కొట్టిపారేసే ప్రొఫెసర్లకీ కలిపి సమాధానం చెప్పాలని ఆమె పట్టుదల.

సంగతి తెలియగానే మందిరం పెద్దలు ఇంటి మీదికొచ్చారు. తలుపేసుకున్నా వాళ్ళ మాటలు వినబడ్డాయి.

“బోధకుడి ఇంట్లో ఈ రాతలేంటండీ? చదువు మాన్పిస్తారో లేదో తేల్చండి.”

“ఇవాళే తేలుస్తాను” అన్నారు తండ్రి.

ఆయన పిలిచి చదువు మానమనే దాకా ఆగే ఓపిక లాయరమ్మకు ఎక్కడిది? పెద్దలు గేటు దాటగానే తనే ఎదురెళ్ళింది. “నేను చదువు మానను. మీ మందిరం గడప తొక్కను. మీతో మాట్లాడను కూడా!” అనేసింది. ఆయన ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో కబుర్లు మోసే పని తల్లి నెత్తిన పడింది.

తర్వాత కొన్నాళ్ళకు థీసిస్ వెనక్కొచ్చింది. ‘ప్రత్యర్థి కాళ్ళు ముందే విరిచి, ఆనక పడగొట్టారు. వాళ్ళ వాదాన్ని దాని పూర్తి బలంతో ఎదుర్కోలేదు’ అన్నాడు ఎగ్జామినరు. ఇంకోసారి తిప్పికొడితే ఇన్నేళ్ళ చదువూ మట్టిపాలే. లాయరమ్మ తల్లి దగ్గర కూర్చుని ఇరుగుపొరుగు వినేలా ఏడ్చింది.

సరిగ్గా ఆ వారం నుంచే తండ్రి ప్రసంగాలు పరిణామ సిద్ధాంతం మీద పడ్డాయి.

“పుండు మీద కారం చల్లడమంటే ఇదే. కావాలనే చేస్తున్నారు” అని ఆమె పళ్ళు నూరింది.

ఇవాళ ఇక ఆగలేక గోడకు నోరు పెట్టి అరిచింది. “గాజు గ్లాసు పగలకపోయినా పెళుసుదే! తగినతనం కూడా అంతే. అది లోపలున్న గుణం, చివరికి తేలిన ఫలితం కాదు. గట్టి మొక్కను మేక తినేస్తే అది గట్టిది కాకుండా పోతుందా?”

అవతల పెన్ను బరబరా గీరింది. తర్వాత దగ్గు. తర్వాత కాగితం తిరగేసిన చప్పుడు.

“సోదరులారా! మన మెదడు బతకడానికే తయారైందట. నిజం తెలుసుకోవడానికి కాదట. మరి ఆ మెదడు కనిపెట్టిన ఈ సిద్ధాంతం నిజమని నమ్మేదెలా?”

లాయరమ్మ ఆ ప్రశ్నను కాగితం మీద రాసి, కింద రాసిన జవాబులన్నీ కొట్టేసింది. కంచం ముందు కూర్చుని కూడా అన్నంలో వేలితో గీతలు గీసింది.

“ఆ మందిరంలో సగంమంది కునికిపాట్లు పడతారు. మిగతా సగం ఇంటి దగ్గర పొయ్యి ఆర్పామో లేదో అని బెంగపడతారు. వాళ్ళకెందుకమ్మా ఇంత లోతు?”

“నాకేం తెలుసే? తిను ముందు.”

ఆదివారం పొద్దున్నే తండ్రి ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతిసంచితో బయల్దేరారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి సంచి నిండా లావుపాటి పుస్తకాలున్నాయి. మందిరంలో ఈమధ్య పుస్తకాలు కూడా పంచుతున్నారు కాబోలని ఆమె మూతి తిప్పుకుంది.

రోజులు గడిచాక ఓ ఉదయం పళ్ళు తోముకుంటూ సమాధానం దొరికి, నురగ నోటితోనే గోడ దగ్గరకు పరిగెత్తింది. “పులిని పొద అనుకున్న మెదడు మిగల్లేదు! అంతవరకు నమ్మొచ్చు. అంతకు మించినవాటిలో పొరబడతాం. అందుకే తప్పు పట్టేవాణ్ణి పక్కన పెట్టుకుంటాం. ఒక్క మెదడును నమ్మక్కర్లేదు, ఆ తగువును నమ్మితే చాలు!”

“సోదరులారా!” అంది గోడ, కొంచెం బొంగురుగా.

తిరగరాసిన థీసిస్ మీద జరిగిన వైవాలో ఎగ్జామినరు కళ్ళజోడు సర్దుకుని అడిగిన మొదటి ప్రశ్న ఆ మెదడు సంగతే. రెండోది బతికినవాడి సంగతి. లాయరమ్మ తడుముకోలేదు. ఎన్నిసార్లు గోడకేసి అరవలేదు!

ఎగ్జామినరు సంతకం పెడుతూ నవ్వాడు. “ఈసారి మీ ప్రత్యర్థి గట్టివాడమ్మా. ఎక్కడ దొరికాడు?”

“మా ఇంట్లోనేనండీ. ప్రాణం తీశాడు.”

ఆ ఆదివారం ఆమె ఒట్టు గట్టున పెట్టి మందిరానికి బయల్దేరింది. ఆయన మనుషుల ముందే, ఆయన వేదిక కిందే నిలబడి ‘గెలిచాను నాన్నా’ అనాలి. ఆ మొహం ఎలా మారుతుందో చూడాలి. ఇన్నాళ్ళు నిద్ర చెడగొట్టినందుకు ఆ మాత్రం సుఖం తనకు దక్కాల్సిందే.

లోపల వేదిక మీద ఎవరో కుర్ర బోధకుడు నీళ్ళు నములుతున్నాడు. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతున్న ముసలి కాపలాదారు వైపు వంగింది.

“తాతా, మా నాన్న ప్రసంగం అయిపోయిందా?”

అతను ఆమెను ఎగాదిగా చూసి, గుర్తుపట్టి, గొంతు తగ్గించాడు.

“పెద్దలు నీ చదువు మాన్పించమన్న రోజే ఆయన ఇక్కడ ప్రసంగాలు మానేశారమ్మా.”