ఏటా పుస్తకం కొనుక్కునే మనిషి

“ఈ అతుకుల మీద టేపు ఎవరు అంటించారు?”

కారు ముక్కు దగ్గర వంగి చూస్తున్న ముసలాయన అడిగాడు.

“నేనే. ఏం?” అన్నాడు రస్సెల్, కారు కింద నుంచి తల బయటపెట్టి.

“ఎదురుగా అంటించావు బాబూ. గాలికి లేచిపోతుంది. వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి, ఇంటికి పెంకులు పరిచినట్టు.”

రస్సెల్‌కి ఒళ్ళు మండింది.

ఆరేళ్ళ కష్టం అది. కోళ్ళ షెడ్డులో తుప్పు పట్టి పడున్న అరవైల నాటి బుల్లి ఇంగ్లీషు కారు. విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, చివరికి అమెరికాలో కార్ల వేగం రికార్డులు కట్టే బానవిల్ ఉప్పు మైదానానికి తెచ్చాడు. అంత చిన్న ఇంజిన్ కార్లలో రికార్డు గంటకు నూట పద్దెనిమిది మైళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ దాటలేదు. అది దాటాలి, రికార్డుల పుస్తకంలో తమ పేరు పడాలి. అతనికి ఇంకో కోరిక లేదు.

“పొద్దున నూట పదహారు దగ్గరే ఆగిపోయిందండీ,” అంది మార్నీ. రస్సెల్ భార్య. బరువు తక్కువని నడిపేది ఆమే. “మీరు చెప్పినట్టే అంటిస్తాను. కాసేపు నీడలో కూర్చోండి.”

ఉన్నది ఒక్కటే కుర్చీ. అది రస్సెల్‌ది.

ముసలాయన అందులో కూర్చుని చల్లటి టీ తాగుతూ చెబుతుంటే, మార్నీ తలూపుతూ టేపు వేసింది. ఆరేళ్ళలో రస్సెల్ చెప్పింది ఒక్కటైనా ఆమె అంత శ్రద్ధగా విన్నదా? అతనికి గుర్తు రాలేదు.

“మీకూ కారుందా?” అని అడిగాడు, గొంతులో వెటకారం దాచుకోకుండా.

“ఉండేది. అమ్మేశాను.”

“మరి ఇక్కడికెందుకొస్తారు?”

“ఏటా కొత్త రికార్డుల పుస్తకం వేస్తారు కదా. ఒకటి కొనుక్కుని పోతాను.”

“దానికోసం ఇంత దూరమా!” రస్సెల్ పగలబడి నవ్వాడు. ముసలాయన కూడా నవ్వాడు.

మధ్యాహ్నం మార్నీ నూట పంతొమ్మిదిన్నర కొట్టింది.

“టేపు పనిచేసింది రస్సెల్! పెద్దాయన టేపు!” హెల్మెట్ తీస్తూనే అరిచింది.

“ఇంజిన్ నేను చేస్తే పేరు టేపుకా?” అన్నాడు రస్సెల్ మొహం మాడ్చుకుని.

రికార్డు దాటిన కారుని నిర్వాహకులు కంచె లోపల పెట్టించారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ పరిగెత్తించాలి. రెండు పరుగుల సగటే లెక్క. ఈలోగా మరమ్మతులకి నాలుగే గంటలు.

కంచెలోకి వస్తూనే ఇంజిన్ టకటకమంది. రస్సెల్ పైమూత విప్పాడు. వాల్వుల్ని నొక్కే కడ్డీ, రాకర్ షాఫ్ట్, రెండు ముక్కలయింది.

గుడారం గుడారం తిరిగాడు. ఉప్పు మీద ఎవరేం అడిగినా ఇస్తారు, పోటీదారుడికైనా సరే. కానీ అంత పాత బుల్లి ఇంజిన్ సామాను ఎవరి దగ్గరుంటుంది?

రెండు గంటలు గడిచాయి. ముసలాయన వచ్చాడు. చంకలో పాత బిస్కెట్ డబ్బా. లోపల నూనె గుడ్డలో చుట్టిన రాకర్ షాఫ్ట్, నిగనిగలాడుతూ.

ఇంతమందిలో ఈయన దగ్గరే ఉండాలా! అనుకున్నాడు రస్సెల్. నిన్న పక్కవాళ్ళు అడిగితే తన జాకీ ఇచ్చేశాడు. ఇవ్వడం తేలికే. ఈయన దగ్గర పుచ్చుకోవాలంటేనే ప్రాణం పోతోంది.

డబ్బా మూత మీద నీలం పెయింటుతో ‘ఒడెల్లా’ అని రాసి ఉంది.

“ఎవరీ ఒడెల్లా? కుర్రతనంలో వెంటపడ్డ పిల్లా?”

“మా ఆవిడ. పోయి నాలుగేళ్ళయింది.”

మార్నీ మొగుడి వంక కొరకొరా చూసింది.

“మాకక్కర్లేదు. మా తిప్పలు మేం పడతాం,” అన్నాడు రస్సెల్.

“నాకు కావాలి. నడిపేది నేను.” మార్నీ డబ్బా అందుకుంది. “అమ్మగారి వస్తువు, మీకు గుర్తుగా ఉండేదేమో కదండీ?”

“డబ్బాలో పడుంటే ఏం లాభమమ్మా? పరిగెత్తనియ్.”

చెప్పి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు సూర్యుడు కొండ దాటకముందే కారు బయల్దేరింది. అది చుక్కంతయి మాయమయ్యేదాకా ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తన ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. ఈసారి పుస్తకం కొనలేదు.

సగటు నూట పంతొమ్మిది. రికార్డు!

“కారు తయారుచేసిన వాళ్ళలో పెద్దాయన పేరు కూడా రాయించు,” అంది మార్నీ.

“ఎందుకు? మనిద్దరం చాలు. అసలాయన పేరేంటో నీకు తెలుసా?”

ఆమెకి తెలియదు. అడగనే లేదు.

రస్సెల్ ఒక్కడే ఆఫీసు ట్రైలర్ దగ్గరికి నడిచాడు. బల్ల వెనక ఉన్నావిడ కాగితాలు చూసి, చేయి కలిపి, రికార్డుల పుస్తకం తెరిచింది.

“ఇంకెవరైనా సాయం చేశారా? పేరు రాస్తాను.”

“ఎవరూ లేరు.”

“సరే అయితే. పాపం, ముప్పై ఏళ్ళు నిలబెట్టుకుంది,” అంటూ ఆవిడ ఎర్ర కలం తీసింది.

నూట పద్దెనిమిది అంకె పక్కన, కారు నడిపిన మనిషి పేరు మీద, అడ్డంగా గీత కొట్టింది. ఆ గీత కింద పేరుని, తలకిందులుగా కనిపిస్తున్నా, రస్సెల్ తేలిగ్గానే చదవగలిగాడు. ఒడెల్లా.