సగం పూతరేకు

"మళ్లీ ఎక్కడికండీ?" వంటింట్లోంచి రూతు అడిగింది.

చిట్టియ్య చెప్పుల్లో కాలు పెట్టబోతున్నవాడల్లా ఆగిపోయాడు. నోట్లో ఉన్న పూతరేకు గుటుక్కున మింగి, "చర్చికి తాళం వేశానో లేదో చూసొస్తానే" అన్నాడు.

"నిన్నా అదే అన్నారు."

"నిన్న వేశాను. ఇవాళ్టి సంగతి చెబుతున్నాను."

"పాతికేళ్ల నుంచీ సంఘ పెద్ద. రోజూ తాళం మరిచిపోతే ఎలాగండీ? ఎండగా ఉంది, గొడుగు గుమ్మం దగ్గరే పెట్టాను."

ఆవిడ నవ్విందో దగ్గిందో ఆయనకు తెలియలేదు. గొడుగు అందుకుని గబగబా గోదావరి గట్టెక్కాడు.

తీపి తినడం తప్పని ఆయనకీ తెలుసు. పొద్దునా రాత్రీ ఇన్సులిన్ చేయించుకుంటున్నా, నెల మొదట్లో మధ్యాహ్నం భోంచేసిన రెండు గంటలకు చూస్తే షుగరు రెండువందల నలభైకి తగ్గలేదు. "నెలాఖరుకి నూట ఎనభై లోపుకి రాకపోతే మధ్యాహ్నం కూడా సూది తప్పదండి" అని డాక్టరు ఆశాజ్యోతి తేల్చేసింది. "మందు సంగతి నేను చూసుకుంటాను. తిన్నాక అరగంట నడిపించే పూచీ మీదేనమ్మా" అని రూతుకి అప్పగించింది. రూతు వారం రోజులు బతిమాలింది. చిట్టియ్య కదిలితేనా! అన్నం తిన్నాక మంచం దిగడమంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చినట్టే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే ఓ డబ్బా కంటపడింది. చర్చి తాళంచెవులుండే అలమరలో, మూత వదులుగా. లోపల సగం పూతరేకు. మర్నాడూ సగమే.

'నన్ను వద్దని, తను చాటుగా సగం తిని సగం దాచుకుంటోందన్నమాట' అని చిట్టియ్యకు ఒళ్లు మండింది. ఆవిడదీ దొంగతిండే కాబట్టి ముక్క పోయిందని తను నోరెత్తడం లేదనుకున్నాడు. ఆ ధైర్యంతోనే రోజూ తినేస్తున్నాడు. తిన్న మరుక్షణం మాత్రం ఆ మూడో సూది గుర్తొస్తుంది. అందుకే తిన్నది అరిగేదాకా వంతెన వరకూ వెళ్లి వస్తాడు. అనుమానం తీరకపోతే ఇంకోసారి.

ఇవాళే నెలాఖరు. మూడు గంటలకు రూతు వేలు పొడిచి, మీటరు కళ్ల దగ్గర పెట్టుకుంది. చిట్టియ్య లోలోపలే ప్రార్థన చేసుకున్నాడు.

"నూట అరవై ఎనిమిది" అంది రూతు.

"చూశావా? నడకా గిడకా అని నన్ను చంపుకు తిన్నావు. నా ఒళ్లు అలాంటిది."

"నిజమేనండీ" అని ఒప్పేసుకుని, రూతు డాక్టరుకి ఫోన్ చేసి వచ్చింది. "సూది అక్కర్లేదంట. ఇప్పుడెలా జరుగుతోందో అలాగే జరగనివ్వమంది."

చిట్టియ్య హాయిగా మంచమెక్కాడు. గెలిచినవాడికి కాస్త జాలి కూడా కలిగింది. పాపం, రేపు ఓ ముక్క దానికి మిగల్చాలి అనుకుంటూ గురక పెట్టాడు.

రూతు అలమర తెరిచి, ఖాళీ డబ్బాలో రేపటి సగం పెట్టి, మూత వదులుగా వేసింది.