ఇంకో రెండు పెట్టెలు

కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు, సగం తయారైన కొత్త పడవ పక్కభాగాన్ని వేలి కణుపులతో కొట్టి చూసింది ఆమె.

టక్. టక్.

"అక్కడ కాదు తల్లీ, అడుగున కొట్టు. పక్కలు అందరూ బాగానే చేస్తారు."

పడవ కింద నుంచి ఒక ముసలాయన పాక్కుంటూ బయటికొచ్చాడు. చొక్కా మీద ఫైబర్ జిగురు ఎండిపోయి అట్టలా బిగుసుకుంది.

"మా జిగురు తాత. పొద్దస్తమానం ఇక్కడే ఉంటాడు, పట్టించుకోకండి" అన్నాడు పడవల యార్డు యజమాని.

ఆమె పట్టించుకోలేదు. పన్నెండేళ్లు చేపల బజారులో నిలబడి కూడబెట్టిందంతా ఈ ఒక్క పడవలోకి పోతోంది. అందులో సముద్రం మీదికి వెళ్లేది ఆమె భర్త, ఆమె తమ్ముడు.

"ఇంజను?" అడిగింది.

"పెద్దది పెట్టించుకోండమ్మా. పక్షిలా పోతుంది."

"డీజిల్ కూడా పక్షిలానే పోతుంది. చిన్నది చాలు."

పక్కనే ఉన్న భర్త ఏదో అనబోయి మానుకున్నాడు. పడవ ఎక్కేది తనే అయినా, సాయంత్రానికి దిగి వెళ్లాల్సింది ఆమె ఇంటికే.

"ఎండకి పైకప్పు?"

"ఈయనకి టోపీ ఉంది. చేపల పెట్టెలు ఎన్ని పడతాయి?"

"ఆరు."

"పక్క యార్డులో ఎనిమిదన్నారు."

"వాళ్లు ఫోమ్ వెయ్యరు. మేం నేలపలకకీ అడుగుకీ మధ్య ఫోమ్ దట్టిస్తాం. బోర్లాపడినా, నీళ్లు నిండినా పడవ మునగదు." యజమాని చెవి గోక్కున్నాడు. "మీరు వద్దంటే తీసేస్తాను. పలక కిందికి దిగుతుంది. ఎనిమిది పెట్టెలు పడతాయి. నలభై వేలు తగ్గుతుంది కూడా."

రోజుకి రెండు పెట్టెలు ఎక్కువ. ఆమెకి కారుతున్న ఇంటి కప్పు గుర్తొచ్చింది. తమ్ముడి పెళ్లి గుర్తొచ్చింది.

"తీసెయ్యండి."

"ఉంచుకో తల్లీ" అన్నాడు జిగురు తాత. "ఇంజను తగ్గించావు, మంచిదే. కప్పు వద్దన్నావు, మంచిదే. ఇదొక్కటి ఉంచుకో."

"ఎందుకు?"

ఆయన చేతిలో బ్రష్ వంక చూసుకున్నాడు.

"ఫోమ్ కంపెనీ వాళ్లు నీకేమైనా ముట్టజెబుతున్నారా పెద్దాయనా?" అందామె.

భర్త పకపకా నవ్వాడు. ముసలాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

రెండు నెలలకి పడవ తయారైంది. ఆమె ఊరికే నమ్మే మనిషి కాదు. ఎనిమిది ఖాళీ పెట్టెలు బండి మీద వేసుకుని మరీ వచ్చింది.

ఆరు పట్టాయి. ఏడోది దిగలేదు.

"ఇదేంటి?" ఆమె గొంతుకి యార్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది.

జిగురు తాత ముందుకొచ్చాడు. "నాదే పొరపాటు తల్లీ. చూపు ఆనక పలక జానెడు పైకి బిగించేశాను. ఇప్పుడు కోస్తే అడుగు పగులుతుంది."

"చూపు ఆనని వాళ్ల చేత పడవలు చేయిస్తారా?" ఆమె యజమాని మీదికి తిరిగింది. "మా ప్రాణాలంటే మీకు ఆటగా ఉందా? ఈయన చెయ్యి ఇంకే పడవ మీదా పడకూడదు. పడిందో, బజారంతా చెబుతాను."

ఆమె చెబితే బజారంతా వింటుందని యజమానికి తెలుసు. ధర ఇంకాస్త తగ్గించాడు. ముసలాయన వైపు చూసి, ఇక వెళ్లమన్నట్టు తలాడించాడు.

ఆయన వాదించలేదు. బ్రష్‌ని డబ్బాలో పెట్టాడు. వెళ్తూ వెళ్తూ వంగి, కొత్త పడవ అడుగున ఒకసారి కణుపులతో కొట్టాడు.

టక్ మనలేదు. దబ్ మంది.

వానలు మొదలైన వారానికే, పట్టపగలు గాలి తిరిగింది. ఒకే ఒక్క అల. పడవ బోర్లాపడింది.

తమ్ముడికి కాలు విరిగింది. ఈదే దారి లేదు. బావ అతన్ని పడవ వీపు మీదికి లాక్కున్నాడు. ఇద్దరూ అయిదు గంటలు దాన్నే కరుచుకుని పడుకున్నారు. వేరే పడవ వాళ్లు చూసే దాకా అది మునగలేదు.

ఒడ్డుకి లాక్కొచ్చాక చూస్తే నేలపలక నిలువునా చీలి ఉంది. ఆ చీలికలోంచి లేత పసుపు రంగు ఫోమ్ తొంగిచూస్తోంది. ముక్క ముక్కగా కోసి, సందు లేకుండా చేత్తో దట్టించింది.

ఆమె వంగి, పడవ అడుగున కణుపులతో కొట్టి చూసింది. దబ్ మంది.

మర్నాడు తెల్లవారుతూనే యార్డు గేటు దగ్గర నిలబడింది.

"ఆ తాత ఏడీ?"

"మీరు వద్దన్నారుగా. ఆ రోజే గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"ఫోమ్ మీరు వేయించారా?"

"లేదమ్మా. నాకూ తెలీదు. తనే కొనుక్కొచ్చి ఉంటాడు."

"ఆయన జీతమెంతని, అంత ఫోమ్ కొనడానికి?"

"జీతమా?" యజమాని కుర్చీలోంచి లేచాడు. "పదకొండేళ్లలో ఆయన ఒక్క పైసా తీసుకోలేదు. ఆయన నా దగ్గర పనివాడు కాదమ్మా."

"మరి?"

యజమాని ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"ఈ యార్డులో నేనమ్మిన మొదటి పడవ కొన్నది ఆయనే, తన ఇద్దరు కొడుకుల కోసం... ఫోమ్ తీయించి, ఇంకో రెండు పెట్టెలు పట్టేలా."