కొత్త పుట్టుమచ్చ

"కదలకమ్మా," అంటూ నర్సు పాప చెవి వెనక పట్టుకున్న పిడుదును పట్టకారుతో మెల్లగా లాగి, గాజుపలక మీద పడేసింది.

గొర్రెల బొచ్చు కత్తిరించే తల్లి హమ్మయ్య అనుకుంది. "బొచ్చులో ఎక్కడ నక్కినా కళ్ళు మూసుకుని పట్టేస్తానండీ. గోటితో గిల్లి పారేస్తాను."

"మనుషుల మీదైతే అలా గిల్లకు. జ్వరమొస్తే వెంటనే తీసుకురా. పిడుదు కుట్టిందని ముందే చెప్పు. చెప్పకపోతే తెలీక వేరే మందిస్తారు."

పాప పలక మీదికి వంగింది. "అమ్మా, అక్క మెడమీద పుట్టుమచ్చ ఇలాగే ఉండేది కదూ?"

"నోర్మూసుకో."

"నువ్వే అన్నావుగా, కొత్తగా వచ్చింది, ముద్దుగా ఉందని! దానిమీద ముద్దు కూడా పెట్టావు. ఆ తర్వాతేగా అక్క జ్వరంతో పోయింది?"

నర్సు చేతిలో దూది ఆగిపోయింది.

ఏమైనా కుట్టిందా అని అప్పుడు డాక్టరు అడిగాడు. ఏమీ లేదండీ అని తల్లే చెప్పింది.

పలక మీద మచ్చ కాళ్ళు కదిపింది.

ఇంటికి వెళ్ళే బస్సులో పాప తన మెడ పట్టుకుని ఏడుపు లంకించుకుంది.

"గిల్లకమ్మా! ఈ మచ్చ నేను పుట్టినప్పట్నుంచీ ఉన్నదే!"