టీచర్ నడుము కొలత

ఇప్పుడుంటున్న సింగపూర్‌లో ఖర్చెక్కువని, ఆపరేషన్ లేకుండా కొవ్వు కరిగించుకోవడానికి బెంగళూరు వచ్చింది నాట్యం టీచర్ వసుంధర. బ్రూక్‌ఫీల్డ్ క్లినిక్‌లో డాక్టర్ నాగవేణి ఆమె నడుముకు టేపు చుట్టింది.

"తగ్గుతుంది కదా డాక్టర్ గారూ?"

"తగ్గుతాది మేడమ్. నన్ను గుర్తుపట్టలేదా? నేనెక్కితే స్టేజీ విరిగిపోతాదని, అందరి ముందరా డాన్సు క్లాసు నుంచి పంపేస్తిరి. అప్పుడు నాకు పన్నెండేళ్లు."

వసుంధర ఆమెను తేరిపార చూసింది. "అలా చాలామందిని పంపేశాను. నువ్వు ఏ అమ్మాయివి?"

ఒక్క సారీ చెబితే చాలనుకుంది నాగవేణి. అదీ రాలేదు. టేపు విప్పేసింది.

"మీ ఒంటికి ఈ ట్రీట్‌మెంట్ పనికిరాదు" అని అబద్ధం చెప్పింది. "మీరింక పోవచ్చు."

"ఇంత దూరం వచ్చానమ్మా..." వసుంధర కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ చాలామంది అమ్మాయిలూ ఇది చూసుంటే బాగుండేదనిపించింది నాగవేణికి.