శూన్యంలో చేపలు

"మళ్లీ చేపలే," అన్నాడు నీలకంఠం, కెమెరా మీంచి తల పైకెత్తి.

ఎదురుగా తెప్ప మీద జగ్గయ్య వల లాగుతున్నాడు. వల కన్నుల్లో అక్కడక్కడా కానాగంత చేపలు తళతళలాడుతున్నాయి. వేరే డైరెక్టరైతే సంబరపడేవాడు. నీలకంఠానికి మాత్రం పడవలోనే కూలబడాలనిపించింది.

"ఇప్పుడు మీ మనసులో ఏముంది నీలకంఠం గారూ?" పక్కనుంచి రెండో కెమెరా అడిగింది. దాని వెనక రమణమూర్తి ఉన్నాడు.

"నిన్ను నీళ్లలోకి తోసెయ్యాలని ఉంది."

"అది బాగుంది. కొంచెం ఇటు తిరిగి చెప్పండి."

నీలకంఠం పోర్టులో గుమస్తా. ఫిల్మ్ క్లబ్బులో దేశదేశాల సినిమాలు చూసి చూసి, తనూ ఒక ప్రయోగాత్మక చిత్రం తీసి తీరాలని కూర్చున్నాడు. దాని పేరు 'శూన్యం'. అందులో కథ లేదు, మాటల్లేవు, పాటలు అసలే లేవు. ఒక జాలరి సముద్రంలోంచి వల లాగుతూ ఉంటాడు, లాగుతూనే ఉంటాడు, చివరికది ఖాళీగా వస్తుంది. మొత్తం ఒకే షాటు. ఆ సినిమాకి ఎవరూ గ్రాంటు ఇవ్వలేదు గానీ, దాన్ని ఎలా తీశారో చూపించే డాక్యుమెంటరీకి మాత్రం వచ్చింది. అందుకే నీలకంఠం ఫిల్ము పొదుపుగా వాడుకుంటుంటే, రమణమూర్తి డబ్బాలకి డబ్బాలు తిప్పేస్తున్నాడు. నీలకంఠం తుమ్మినా వదలడం లేదు.

మొదటిరోజు జాలారిపేట ఒడ్డున అంతా సవ్యంగానే కుదిరింది. ఖాళీ వల కావాలనగానే జగ్గయ్య తలూపాడు.

"అలగే బాబూ. ఇంతకీ ఈ బొమ్మ ఎవులు సూత్తారు?"

"అందరూ చూస్తారు. ముందు ఇక్కడే, మీ పేటలోనే తెర కట్టి వేస్తాను."

"పేటోల్లందరికీనా?" అన్నాడు జగ్గయ్య. పక్కనే నిలబడ్డ పెళ్లాం సీతాలు వైపు ఒకసారి చూశాడు. "మరొక్క మాట బాబూ. వల తెప్పకెక్కించినప్పుడు పైవోల్లు సూడకూడదు. దిట్టి తగుల్తాది."

నీలకంఠానికి ఆచారాలంటే గౌరవం. వల ఎక్కించేంతసేపూ తను అటు తిరిగి నిలబడ్డాడు, రమణమూర్తినీ మెడ పట్టుకుని తిప్పాడు.

ఆ రోజు చేపలు పడ్డాయి. మర్నాడూ పడ్డాయి. చోటు మార్చారు, అక్కడా పడ్డాయి. చేపలు దొరకని చోటికే తీసుకెళ్లమని నీలకంఠం బతిమాలాడు. జగ్గయ్య తీసుకెళ్లాడు, అక్కడా పడ్డాయి.

"ఏటి సేత్తాను బాబూ, గంగమ్మ తల్లి ఇత్తంది," అని నొచ్చుకుంటూ, ఒడ్డుకొచ్చాక ఓ రెండు చేపలు నీలకంఠం సంచిలో పడేసేవాడు. కాదంటే బాగుండదు. తన కళాఖండం ఏ పూటకాపూట పులుసై కంచంలోకి వస్తుంటే నీలకంఠానికి ముద్ద దిగేది కాదు.

"ఇవి కదలవేంటి జగ్గయ్యా?" అని ఒకరోజు రమణమూర్తి అడిగాడు.

"సేపని నీల్లలోంచి తీత్తే సావకేటి సేత్తాది బాబూ?"

అదీ నిజమే అనుకున్నాడు రమణమూర్తి.

ఇక ఫిల్ము ఒక్క షాటుకే మిగిలింది. కలకత్తాలో సినిమాల పోటీకి గడువు దగ్గరపడింది. పై ఏడాది మళ్లీ సెలవు దొరుకుతుందన్న ఆశ లేదు.

"నా మాట వినండి," అన్నాడు రమణమూర్తి. "ఉత్త వల నీళ్లలో ముంచి లాగమందాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది," నీలకంఠం కస్సుమన్నాడు. "నా సినిమాలో నటన ఉండదు. అబద్ధం అసలే ఉండదు. సముద్రం ఏమిస్తే అదే తీస్తాను."

"సముద్రం చేపలిస్తోంది కదండీ మరి."

"నోరు మూసుకుని నీ డాక్యుమెంటరీ తీసుకో."

చివరి షాటుకి కెమెరా తిరగడం మొదలెట్టింది. జగ్గయ్య వల లాగుతున్నాడు. ఒక బార ఖాళీగా వచ్చింది. ఇంకో బారా ఖాళీయే. నీలకంఠం ఊపిరి బిగబట్టాడు. సగం పైగా వల తెప్ప మీదికి చేరింది, ఒక్క పొలుసు కూడా లేదు. రమణమూర్తి కూడా తన కెమెరా సంగతి మర్చిపోయి వల వైపే చూస్తుండిపోయాడు.

ఆఖరి బారలో చేతి పొడుగు కోనాం చేప వచ్చింది.

నీలకంఠం కెమెరా ఆపలేదు. ఫిల్ము అయిపోయి అదే ఆగింది. ఒడ్డుకి చేరగానే కెమెరాని పెట్టెలో పెట్టి మూత వేసేశాడు.

"కోపమొచ్చిందా బాబూ?" అన్నాడు జగ్గయ్య, బిక్కమొహం వేసుకుని.

"నీ మీద కాదయ్యా. ఇంత సముద్రంలో ఒక్క ఖాళీ వలకి నోచుకోలేదు నేను."

మర్నాడు తెల్లవారుతూనే రమణమూర్తి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాడు. డాక్యుమెంటరీ చివర్లో చేపల వేలం కాస్త కలుపుదామని అతని ఆలోచన. మర బోట్లు సరుకు దించుతున్నాయి. కుప్పల ముందు గొంతుక్కూర్చున్న ఆడవాళ్లలో సీతాలు కనిపించింది. చేపల్ని ఏరి ఒళ్లో పెట్టుకుంటోంది.

"మీ వలలో అన్ని పడుతుంటే ఇక్కడ కొనడమేంటి సీతాలూ?"

సీతాలు ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది. "డైరెట్రు బాబు ఈయాల ఎప్పుడొత్తారు?"

"ఇంక రారు. సినిమా మానేశారు."

సీతాలు ఒళ్లోని చేపల్ని ఒక్కొక్కటే తీసి కుప్పలో పెట్టేసింది.

"అయితే మా వల ఎప్పట్లాగే ఖాళీగా రావొచ్చు బాబూ."