మూడో ఏరియల్

నాగూర్ బాషా స్టూలెక్కి సైకిల్ చక్రాన్ని నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు. చక్రానికి చుట్టిన రాగితీగ కొస కిందికి దిగి, బల్ల మీదున్న రేడియో వెనక్కి పోయింది.

"జెర మల్కాజ్‌గిరి దిక్కు తిప్పు," అంది సర్దార్ బీ, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని.

తిప్పాడు.

"గాడిద ఒర్రినట్టున్నది. దించు."

ఇండియా మిలిట్రీ నిజాం సరిహద్దు దాటి మూడు రోజులైంది. మోండా మార్కెట్ వెనక ఆ గల్లీలో పూటకో పుకారు. నాగూర్ బాషా భార్య జైనాబీకి నెలలు నిండాయి. ఆమెను బండెక్కించి యాప్రాల్‌లోని అక్క ఇంటికి చేర్చాలా, కదలకుండా ఇంట్లోనే ఉంచాలా? వార్త వింటే గాని తేలదు. గల్లీ మొత్తానికి రేడియో సర్దార్ బీ ఇంట్లో ఒక్కటే. మేడ మీద పొడుగు తీగ కడితే రజాకార్ల కంట పడుతుంది. అందుకే, ఇంట్లో ఇమిడే చిన్న ఏరియళ్లు మూడు, సైకిళ్లు బాగుచేసే నాగూర్ బాషా తయారుచేశాడు.

"ఒక్కసారి నాకియ్యి ఖాలా, నేను సుత ఇంట."

"చెయ్యి పెడితే ఇరగ్గొడత. నా మొగుడు కొన్న డబ్బా ఇది."

రెండోది గొడుగు ఊచలతో చేసింది. సర్దార్ బీ ముఖం విప్పారింది.

"ఇంగ్లీషు! లండనే!"

నాగూర్ బాషా తుమ్మాడు.

"తుమ్మకురా బేవకూఫ్! లండన్ పోయింది."

"లండన్ మనకెందుకు సర్దారక్కా, ఢిల్లీ చూడు," అంది పక్కింటి శారదమ్మ.

"జల్ది తేల్చుండ్రి. ఎద్దులు తడుస్తున్నయ్," వాకిట్లోంచి బండి భద్రయ్య కేకేశాడు.

మూడోది జానెడు కర్రకు చుట్టిన తీగ. బలం కోసమని దానికి రెండు టార్చి సెల్లులు కూడా కట్టాడు. సర్దార్ బీ కళ్లు మూసుకుని చెయ్యెత్తింది.

"ఢిల్లీ! సాఫ్‌గ వస్తున్నది. ఎవరూ ఇల్లు ఇడువొద్దంట. సికింద్రాబాదుల ఏం కాదంట. ఈ వానల బండ్లు కట్టొద్దంట."

"ఈడ వాన పడుతున్నదని ఢిల్లోళ్లకెట్ల తెలిసె?" అంది శారదమ్మ.

"సెల్లులు కట్టిండు గద!"

బండి మీది సామాను దిగింది. భద్రయ్య గొణుక్కుంటూ ఎద్దుల్ని విప్పాడు. గంట తిరగకముందే జైనాబీకి నొప్పులు మొదలయ్యాయి. పొద్దు గుంకే వేళకు సర్దార్ బీ చేతుల్లోనే ఆడపిల్ల పుట్టింది.

ఆమె అక్కడ బిడ్డకు నీళ్లు పోస్తుండగా, నాగూర్ బాషా మెల్లగా ఆమె ఇంట్లోకి వెళ్లి హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. ఏమీ వినబడలేదు. తీగ వదులైందేమో అనుకుని రేడియోను తిప్పి, వెనక మూత విప్పాడు.

లోపల, అంచుల దాకా కూరిన చింతపండు తప్ప ఇంకేమీ లేదు.